రేకుమొగమోడు ఎందుకు దొంగయినాడు

ఇప్పుడు మీరు ఏ దేశపు సినిమా అయినా ఇంట్లో కూర్చుని తెలుగులోనే వింటున్నారు. బొమ్మలో మనిషి పెదవులు ఒక భాషలో కదులుతాయి, మీ చెవిలో ఇంకో భాష పడుతుంది. ఆ రెండింటి మధ్య ఒకప్పుడు ఒక మనిషి కూర్చునేవాడు. ఆ మనిషిని నేనే. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో ఊరూరా డేరా వేసుకుని తిరిగే ఒక టూరింగ్ టాకీసులో మైకు ముందు కూర్చుని ఇంగ్లీషు సినిమాలకు తెలుగులో కథ చెప్పడం నా ఉద్యోగం. తర్వాత ఒక ప్రభుత్వ శాఖలో చేరి, అందులోనే పింఛను పుచ్చుకున్నాను కానీ, ఆ ఉద్యోగం గురించి నన్ను ఎవరూ ఏమీ అడగరు. అడిగేదంతా ఈ డేరా సంగతే.

నాకు ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. మిగతా సగం ముఖాలు చూసి ఊహించేవాణ్ణి. వింటున్నవాళ్లకు అసలే రాదు కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు. ఒకసారి ఒక దొర చనిపోయిన తండ్రి కోసం ఏడుస్తుంటే, అప్పులవాళ్లకు భయపడి ఏడుస్తున్నాడని చెప్పాను. జనం కూడా పాపం అన్నారు. మొత్తానికి ఏడుపు ఏడుపే కదా.

మా ఓనరు ప్రొద్దుటూరు మనిషి. పత్తి వ్యాపారం మీద విసుగు పుట్టి డేరా కొన్నాడు. నేను ఆయన్ను మామా అని పిలిచేవాణ్ణి. మిషన్ ఆడించే ఆపరేటరు పెద్దవయసు సాయిబు. మా అందరికీ ఆయన భాయి. మొండికేసిన ఎద్దును అదిలించినట్టు ఆ మిషన్‌ను అదిలిస్తూ, బుజ్జగిస్తూ ఉండేవాడు. సినిమాలోని మనుషుల మీద మాత్రం ఆయనకు ఏ ఆసక్తీ లేదు. "నాకు ఎలుతురు బాగా పడితే చాలు బేటా. ఆ ఎలుతుర్లో ఎవురు సచ్చినా నాకేం?" అనేవాడు.

ఒక వేసవిలో మామ మద్రాసు పోయి ఒక ఇంగ్లీషు సీరియల్ కుదుర్చుకొని వచ్చాడు. ఒకే కథను చాలా భాగాలుగా తీసి, ప్రతి భాగం చివరా ఎవరో ఒకరిని కొండ అంచున వేలాడదీసి ఆపేసే రకం. ఆ దేశంలో పిల్లలు చదివే బొమ్మల పుస్తకంలోంచి తీసిన కథట. అందులో ఒక దొంగ ఉంటాడు. నల్లకోటు, నల్లటి చేతితొడుగులు, సగం ముఖానికి రేకు తొడుగు. బ్యాంకుల తలుపులు కరిగిస్తాడు, రైలు పట్టాలు పీకిస్తాడు, వంతెనలు పేలుస్తాడు. వాణ్ణి పట్టుకోవడానికి ఒక పడుచు పోలీసు అధికారి విమానమేసుకుని తిరుగుతుంటాడు. ఆ పోలీసుకు సలహాలిస్తూ వెండిజుట్టు పెద్దమనిషి ఒకడు చేతికర్ర పట్టుకుని వచ్చిపోతుంటాడు. ఆయన ఎవరో నాకు తెలియక, హీరోకు మేనమామ అని చెప్పేశాను.

తెలియకపోవడానికి కారణముంది. మొదటి రెండు భాగాల పెట్టె మాకు రాలేదు. అది ఇంకెక్కడో ఆడుతోంది, వచ్చాక పంపుతాం, మూడో భాగంతో మొదలుపెట్టండి, జనం పట్టించుకోరు అన్నారట మద్రాసువాళ్లు.

వాళ్లకు మా జనం సంగతి తెలియదు.

ప్రొద్దుటూరులో మొదటి రోజు ఆట మొదలై రేకు ముఖం తెరమీద కనబడగానే నేల తరగతిలోంచి ఒక గొంతు లేచింది. "ఏందప్పా, వాని మొగానికి రేకెందుకు?"

నేను విననట్టు నటించాను. మరుసటి రీలు మార్చేటప్పుడు అదే గొంతుకు ఇంకో పది గొంతులు తోడయ్యాయి. "వాడు పుట్టుకతోనే దొంగనా, మద్దెలో అయినాడా? అది చెప్పకుండా ముందుకు పోతే ఎట్ల?" అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలమ్మ, "వానికి పెండ్లాం బిడ్డలు ఉండారా?" అని అడిగింది.

మామ నా పక్కకొచ్చి వంగి, "ఏదో ఒకటి చెప్పప్పా. నోరుండేది దేనికి?" అన్నాడు.

చెప్పాను. ఊరు ప్రొద్దుటూరు, నా కళ్లముందు కూర్చున్నవాళ్లలో సగంమంది బంగారం పనివాళ్లు. కాబట్టి నోటికి అదే వచ్చింది. ఈ దొంగ ఒకప్పుడు మంచి కంసాలి, బంగారం శుద్ధి చేస్తుంటే యాసిడ్ ఎగిసి ముఖం కాలింది, వికారమైన ముఖం చూసి లోకం ఛీకొట్టింది, ఆ కసితో దొంగయ్యాడు అన్నాను. డేరా అంతా నిట్టూర్చింది. నా గొంతు నాకే ముద్దొచ్చింది.

మరునాడు పొద్దున్నే నలుగురు కంసాలులు డేరా దగ్గరికొచ్చారు. "దొంగను చేసేదానికి నీకు మేమే దొరికితిమా అప్పా? ఆ దేశంలో ఇంకే పనీ లేదా?" అన్నారు. మామ వాళ్లకు సోడాలు తెప్పించి సర్దిచెప్పాడు. ఆ సాయంత్రం నేను కంసాలి మాట తీసేసి, శత్రువులు ఇంటికి నిప్పుపెడితే ముఖం కాలిందని చెప్పాను. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇల్లు తగలబడినవాళ్లు సంఘంగా ఏర్పడి రారు కదా.

ఊళ్లో ఎక్కడ విన్నా రేకుమొగమోని మాటే. టీ అంగళ్ల దగ్గర, మిల్లుల దగ్గర, బట్టల దుకాణాల దగ్గర వాడెందుకు దొంగయ్యాడో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆ కుతూహలం మాకు అన్నం పెట్టింది. డేరా జమ్మలమడుగుకు మారేసరికి మాకంటే ముందు మా దొంగ ఆ ఊరు చేరిపోయాడు.

జమ్మలమడుగులో పెన్న ఒడ్డున డేరా వేశాం. రెండో రోజో మూడో రోజో, మధ్యాహ్నం పూట నేను డేరా నీడలో మడతకుర్చీలో కునుకు తీస్తుంటే ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, గట్టి భుజాలు. తలగుడ్డ కొంగును చెంప మీదికి లాక్కుని ఉన్నాడు.

"మైకులో కత చెప్పేది నువ్వేనా అప్పా?"

"నేనే. ఏం కావాల?"

ఆయన కొంగు తీశాడు. ఎడమవైపు నుదురు నుంచి గడ్డం దాకా చర్మం కరిగి గడ్డకట్టినట్టు ఉంది. ఆ వైపు కన్ను సగమే తెరుచుకుంటోంది. నేను చూపు పక్కకు తిప్పుకున్నాను.

"పక్కకు సూడద్దు. ఈడ సూడు," అన్నాడు. కోపంగా అనలేదు. "నా మొగం కాలింది. నేను ఎవురింట్లో దొంగతనం జేస్తి? చెప్పు."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"మొగం కాలితే మనిషి దొంగయితాడని యాడ రాసిండాదప్పా? నువ్వు సదువుకున్నోనివి. నాకు తెలీక అడుగుతాండా."

ఆయనది ఆ చుట్టుపక్కల ఒక పల్లె. నాపరాయి గనుల్లో మేస్త్రీగా ఉండేవాడు. ముఖం కాలాక ఎండలో పని చేయలేక, నీడపట్టున ఏదైనా దొరుకుతుందా అని తిరిగి, చివరికి ప్రొద్దుటూరులో ఒక పత్తి మిల్లు గేటు దగ్గర కాపలా పని కుదుర్చుకున్నాడు. వచ్చే వారం చేరమన్నారు. ఆలోగా మా డేరా ఆ ఊళ్లో దిగింది. ఆయన చేరడానికి పోయేసరికి మిల్లు కూలీలు "రేకుమొగమోడు వచ్చినాడు, గోదాము భద్రం" అని ఒకటే నవ్వు. మొదట నవ్వే. తర్వాత ఒకరిద్దరు నిజంగానే, ఇట్లాంటి మొగమోనికి తాళాలిస్తే ఎట్ల అన్నారు. మిల్లు మేనేజరు మెత్తని మనిషి. ఈ సినిమా గోల తగ్గినాక చూద్దాం, అప్పటిదాకా ఊళ్లోనే ఉండు అని పంపేశాడు.

"నిన్ను తిట్టేదానికి రాలా," అన్నాడాయన. "నిన్న ఆట సూస్తి. నాగ్గూడా వాని మింద మనసు పడింది. ఎందుకు దొంగయినాడా అని నాకూ ఉండాది. అయితే నువ్వు చెప్పేది మాత్రం నమ్మబుద్ధి కాలా. నిజంగా సినిమాలో అట్లే ఉండాదా?"

నేను ఆయన్ను పక్కన కూర్చోమని, ఉన్నదున్నట్టు చెప్పాను. మొదటి పెట్టె రాలేదు, వాడి సంగతి నాకూ తెలియదు, చెప్పిందంతా నా సొంతమే అని. ఆయన ఆశ్చర్యపోలేదు. పెన్న ఇసుక వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"సినిమావోని మొగానికేమయిందని ఊరూరంతా అడుగుతాండారు. అది ఉత్త బొమ్మ. నేను ఇన్నేండ్లాయె ఈ మొగమేసుకుని తిరుగుతాండా, ఏమయిందని ఒక్కరన్నా అడగలా. అందురూ నీ మాదిరే పక్కకు సూస్తారు."

అప్పుడు అడిగాను. "అన్నా, ఏమయింది?"

ఆయన నా వైపు తిరిగి కూర్చున్నాడు. ఒక పెద్ద సంగతి వింటానని నేను సిద్ధపడ్డాను. పగ ఉంటుందనుకున్నాను, ఎవరినో కాపాడబోయాడనుకున్నాను. నా ఉద్యోగం అట్లాంటిది.

"బండలు పేల్చేదానికి గుంతల్లో మందు కూరి వత్తి ముట్టిస్తాం. అన్నీ పేలె, ఒకటి పేల్లా. అట్లాటప్పుడు శానాసేపు ఆగల్ల. నాకు తెల్సు. అందురికీ చెప్పేటోన్ని నేనే. ఆ పొద్దు బాగా ఆకలైతాండె. నా ఆడది సద్దిలో ఉల్లిగడ్డ కారెం పెట్టిండె. బిరీన అది సూసేసి పోయి తిందామని దగ్గరికి పోతి. అంతే."

"అంతేనా?"

"అంతే. దానికి ఇంకేం కావాల?"

ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆయన నవ్వితే ముఖం ఒకవైపే నవ్వేది, కానీ నవ్వు మాత్రం పూర్తిగా ఉండేది. రెండు రకాల మంటలు కల్పించిన నాకు ఆ ఉల్లికారం ఎప్పటికీ తట్టి ఉండేది కాదు.

పోయేటప్పుడు అన్నాడు. "ఆ మొదుటి పెట్టె తెప్పీ అప్పా. నిజం తెలిస్తే సాలు. వాడు మొగం కాలినందుకే దొంగయింటే, సరే, ఒప్పుకుంటా. ల్యాకుంటే అదీ అందురికీ తెలియల్ల."

ఆ రోజు నుంచి నేను మామ వెంటబడ్డాను. ఆయన మొదట ఎగతాళి చేశాడు. "మూడో భాగం నుంచే జనం ఇరగబడి వస్తాంటే మొదుటిదెందుకు? తెలీకపోతేనే గదప్పా వస్తారు!" అన్నాడు. వ్యాపారిగా అది సరైన మాటే. అయినా భాయి నా వైపు నిలబడటం నన్ను ఆశ్చర్యపరిచింది. మిషన్ తుడుస్తూ తలెత్తకుండా అన్నాడు. "తెప్పీ సాబ్. నేను గూడా అదే అనుకుంటాండా, ఆ రేకు కింద ఏముండాదా అని." అన్నేళ్లలో ఆయన సినిమాలోని మనిషి గురించి మాట్లాడటం నేను వినడం అదే మొదలు. మామ మద్రాసుకు తంతి కొట్టించాడు.

ఆ పెట్టె మేము పులివెందులకు మారిన తర్వాత, బస్సు టాపు మీద గోతాల మధ్య దొర్లుకుంటూ వచ్చింది. మామలో వ్యాపారి మళ్లీ లేచాడు. జట్కా మీద తప్పెట కొట్టించి, "రేకుమొగమోని పుట్టుపూర్వోత్తరాలు, ఈ పొద్దే" అని ఊరంతా చాటించాడు. సాయంత్రానికి ప్రొద్దుటూరు నుంచీ జమ్మలమడుగు నుంచీ కూడా జనం దిగారు. బస్సు దొరకనివాళ్లు బండ్లు కట్టుకుని వచ్చారు. మా నలుగురు కంసాలులు బెంచీల్లో ముందువరసలో కూర్చున్నారు. మిల్లు మేనేజరును కుర్చీల దగ్గర చూశాను. మన మేస్త్రీ నేలలో, సరిగ్గా తెర ముందు, తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ రీళ్లను ముందుగా చూసే వీలు లేకపోయింది. పగలు డేరాలో బొమ్మ పడదు. కాబట్టి ఆ సాయంత్రం జనానికి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు.  కథ చెప్పే మనిషిని అయివుండి, ఆ రోజు కథ వినడానికి కూర్చున్నాను.

బొమ్మ మొదలైంది. పెద్ద బ్యాంకు. మెట్ల మీంచి వెండిజుట్టు పెద్దమనిషి చేతికర్రతో దిగుతున్నాడు. అందరూ టోపీలు తీసి నమస్కారం చేస్తున్నారు.

"హీరో మేనమామ," అన్నాను అలవాటుగా.

మేనమామ కాదు. ఆ బ్యాంకుకు పెద్ద. రాత్రి తన సొంత తాళంచెవితో ఖజానా తెరిచి, దోచుకుని, మళ్లీ తాళం వేశాడు. మరునాడు పోలీసులొచ్చి గేటు కాపలావాణ్ణి పట్టుకుపోయారు. వాడొక కుంటివాడు, చిరుగుల కోటువాడు. పెద్దమనిషి వాడి భుజం తట్టి, అయ్యో అన్నట్టు తల ఊపాడు. జనంలో గుసగుస మొదలైంది. తర్వాత ఆయన తన ఇంట్లో అద్దం ముందు కూర్చున్నాడు. ముఖం పెద్దగా, తెర నిండా కనిపించింది. నున్నటి ముఖం. ఒక్క మచ్చ లేదు. సొరుగులోంచి రేకు తొడుగు తీసి, చిరునవ్వుతో ఆ నున్నటి ముఖానికి తగిలించుకున్నాడు.

నేను ఆగిపోయాను. 

మామ ఒంగి నా చెవిలో బుసకొట్టాడు. "ఏదన్నా చెప్పు! తమ్ముడను, కవల అను! మొగం కాలిందని చెప్తిమి, ఇప్పుడు నున్నగుంటే డేరా పీకుతారు!"

పీకే జనమే వాళ్లు. ఆ డేరా పోతే నా ఉద్యోగమూ పోతుంది. కవల అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, నిజం చెప్పాలంటే అది మంచి కల్పన కూడా. కానీ అప్పటికే తెరమీద పడుచు పోలీసు తన మనుషులను వరుసగా నిలబెట్టి ఏదో ఆజ్ఞాపిస్తున్నాడు. ఆ మాటలు అదృష్టంకొద్దీ నాకు పూర్తిగా అర్థమైన సగంలో పడ్డాయి.

"అయ్యలారా, అమ్మలారా," అన్నాను. "ఇన్నాళ్లూ నేను చెప్పింది తప్పు. ఈయప్ప మొగం కాలలేదు. ఎన్నడూ కాలలేదు. ఆ రేకెందుకంటే, మొగం కాలినోడు ఎవడో దొంగతనం చేస్తున్నాడని అందరూ అనుకోవడానికి. ఇప్పుడు పోలీసు ఏం చెప్తున్నాడో వినండి. ఊళ్లోపోయి మొగం కాలినోళ్లందర్నీ పట్టుకురండి అంటున్నాడు."

తెరమీద పోలీసులు వీధుల్లో పడ్డారు. ఒక కమ్మరిని, ఒక ముసలి సిపాయిని ఈడ్చుకొస్తున్నారు. పెద్దమనిషి కిటికీలోంచి చూస్తూ టీ తాగుతున్నాడు.

 తర్వాత నేలలోంచి ఒక గొంతు, సిగ్గుపడినట్టు వినబడింది. "మనమూ అట్లే అనుకుంటిమి గదప్పా."

"పెద్దమనిషని ఆ నా బట్టకు మేం సప్పట్లు గొడితిమి గదరా ప్రొద్దుటూరులో!" అన్నాడొక కంసాలి.

అప్పుడు మేస్త్రీ నవ్వాడు. పెద్దగా, పొట్ట పట్టుకుని. లేచి నిలబడి వెనక్కి తిరిగాడు. తెర వెలుతురు ఆయన వెనకాల ఉంది. "సూస్తిరా? నున్నటి మొగమప్పా! అద్దం మాదిరి ఉండాది!" అన్నాడు. ఎవరో "కూర్చో అప్పా, బొమ్మ కనపల్లా" అన్నారు. ఆ మాటలో వేరే అర్థమేమీ లేదు. నిజంగానే బొమ్మ కనబడలేదు. ఆయన కూర్చున్నాడు. మిషన్ దగ్గర భాయి, "వహ్వా!" అన్నాడు. ఎవరిని మెచ్చుకున్నాడో నేను అడగలేదు.

డేరా ఎవరూ పీకలేదు. పైగా, పెద్దమనిషి ఎప్పుడు దొరుకుతాడో చూడాలని మొత్తం మళ్లీ మొదటి నుంచి ఆడించమన్నారు. మామ మళ్లీ మూడు ఊళ్లూ తిప్పాడు. ఈసారి వెండిజుట్టాయన తెరమీద కనబడినప్పుడల్లా నేల నుంచి ఈలలు, తిట్లు. చివరి భాగంలో వాడు వంతెన మీంచి పడి చచ్చాడు. కానీ వాడెందుకు దొంగయ్యాడన్నది ఆ సినిమా చివరిదాకా చెప్పలేదు. అన్నీ ఉన్నవాడు, ముఖం నున్నగా ఉన్నవాడు ఎందుకు చేశాడు? జనం ఆ ప్రశ్నను బస్సుల్లో మోసుకుపోయారు. నన్ను అడిగినవాళ్లకు తెలియదనే చెప్పాను. ఆ తర్వాత ఏ సినిమాకు కథ చెప్పినా, తెలియని చోట తెలియదనడం నాకు అలవాటైంది. అట్లా అన్నప్పుడు డేరా ఇంకా శ్రద్ధగా వినేది. మీలో కథలు చెప్పేవాళ్లెవరైనా ఉంటే, ఇది నా అనుభవం, తీసుకోండి.

మిల్లు మేనేజరు మేస్త్రీని తిరిగి పిలిపించాడు. రేకుమొగం అనే పేరు మాత్రం ఆయన్ను వదల్లేదు. మా సీమలో ఒక పేరు పడితే పడినట్టే. ఒక్కటే తేడా, ఇప్పుడు కూలీలు ఆ పేరును ఆయన వినేటట్టే పిలిచేవాళ్లు, ఆయనా పలికేవాడు.

కొంతకాలం తర్వాత పనిమీద ప్రొద్దుటూరు పోయినప్పుడు ఆ మిల్లు వైపు నడిచాను. గేటు పక్కన ఆయన కుర్చీలో కూర్చున్నాడు, తలగుడ్డ మెడలో ఉంది. ఎక్కడి నుంచో పత్తి బండి ఒకటి వచ్చి ఆగింది. బండి తోలే రైతు పక్కన, పత్తి మీద, ఆయన భార్య కూర్చుని ఉంది. కొత్తగా వచ్చినట్టున్నారు. ఆమె మేస్త్రీని కాసేపు చూసి, దాపరికం లేకుండా అడిగేసింది.

"ఏందన్నా నీ మొగం అట్లయింది?"

"నోర్మూసుకో మే," అన్నాడు రైతు, బెదిరిపోయి.

"అడగనీలేప్పా," అన్నాడు మేస్త్రీ. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. బండలు, మందు, పేలని గుంత, ఆకలి, ఉల్లికారం అన్నీ చెప్పాడు. ఆమె చెంపన చేయి పెట్టుకుని వింది. రైతు కూడా కాసేపటికి పగ్గాలు వదిలేసి విన్నాడు. నేను విన్నదానికంటే కొంచెం పెద్దగానే ఉంది కథ. ఎండ పెరిగింది, ఆకలి పెరిగింది, ఉల్లికారంలోకి నెయ్యి కూడా వచ్చింది.

"శానా నొప్పి పుట్టిందా?" అంది ఆమె.

"శానా పుట్టింది మ్మా."

"మరి సద్ది?"

 ఆ ప్రశ్న ఆయన్ను అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేరు.

"అదేమాయెనో నాకే తెలీదు," అన్నాడు, లేచి గేటు తీస్తూ.